కాలువలోని పరాయి చేప ఇంటి అక్వేరియానికి వస్తే

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయాన్ని అడిగాయి. సొంత జన్మస్థానం కాని కాలువల్లో, చెరువుల్లో స్థిరపడిపోయిన సిక్లిడ్ కుటుంబపు (ఆస్కార్, తిలాపియా వంటి) చేపలను స్వయంగా పట్టి ఇంటి అక్వేరియంలో పెంచుకోవచ్చా, పెంచుకోవాలంటే ఏయే జాగ్రత్తలు అవసరం అన్నది వాటి సారాంశం. అందుచేత ఈ శీర్షికను పూర్తిగా ఆ ప్రశ్నలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: కాలువలో గాలానికి అరచేయంత చేప ఒకటి పడింది. తోక మొదట్లో నల్లటి చుక్క, దాని చుట్టూ వెలుగు వలయం ఉన్నాయి. ఇది సిక్లిడ్ అని స్నేహితులు అంటున్నారు. నిర్ధారించుకోవడం ఎలా? ఒకవేళ సిక్లిడే అయితే అది పరాయి జాతి అని ఎలా తెలుస్తుంది?

జవాబు: రంగులను నమ్మకండి, ఎందుకంటే సిక్లిడ్ భయపడితే ఒక రంగు, కోపమొస్తే ఒక రంగు, గుడ్లు పెట్టే వేళ మరో రంగు చూపిస్తుంది. చేతిని బాగా తడుపుకొని చేపను పట్టుకొని, కంటికీ పై పెదవికీ మధ్య భాగాన్ని దగ్గరగా చూడండి. మంచినీటి చేపలలో చాలావాటికి అక్కడ ఒక్కో వైపు రెండేసి నాసికా రంధ్రాలు కనిపిస్తాయి, సిక్లిడ్‌కు మాత్రం ఒక్కో వైపు ఒక్కటే ఉంటుంది. తర్వాత దాని పక్కభాగం మీద పార్శ్వరేఖను గమనించండి. సాధారణంగా ఆ చుక్కల గీత మొప్ప నుంచి తోక వరకు తెగకుండా సాగుతుంది, కాని సిక్లిడ్లలో అది మధ్యలో తెగిపోయి, ముందు ముక్క వీపుకు దగ్గరగా, వెనుక ముక్క కిందికి దిగి తోక మొదట్లో నడిమధ్యన ఉంటుంది. ఈ రెండు గుర్తులూ ఉంటే మీ స్నేహితులు చెప్పింది నిజమే.

తోక మొదట్లో వలయపు చుక్క ఆస్కార్‌కూ ఉంటుంది, మాయన్ సిక్లిడ్‌కూ ఉంటుంది. ఆస్కార్‌లో ఆ వలయం సాధారణంగా నారింజ రంగులో ఉంటుంది, శరీరం మందంగా, పెదవులు లావుగా ఉంటాయి. మాయన్ సిక్లిడ్‌లో వలయం నీలి ఛాయలో మెరుస్తుంది, ఒంటి మీద నిలువు పట్టీలు ఉంటాయి, గుడ్ల కాలంలో గొంతు, రొమ్ము ఎర్రబారతాయి. ఆస్కార్ పిల్లలు మాత్రం పెద్దవాటిని ఏమాత్రం పోలవు. నల్లటి ఒంటి మీద తెల్లటి వంకర గీతలతో ఉండి, వేరే జాతి చేపలేమో అనిపిస్తాయి. వాటిని ‘చిన్నగా ఉండే జాతి’ అనుకొని చిన్న తొట్టెలో వేసినవారిని చాలామందిని చూశాను.

ఇక రెండో భాగం. ఏ చేపా తనంతట తాను పరాయిది కాదు, నీటిని బట్టే అది పరాయిదవుతుంది. టెక్సాస్ సిక్లిడ్‌నే తీసుకోండి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో సహజంగా పుట్టిపెరిగే సిక్లిడ్ అదొక్కటే. రియో గ్రాండే నదిలో అది సొంత బిడ్డ, అదే దేశంలో న్యూ ఆర్లియన్స్ కాలువల్లో మాత్రం మనుషుల చేతుల మీదుగా చేరిన పరాయి చేప. ఈ కుటుంబం సహజంగా ఆఫ్రికా, దక్షిణ, మధ్య అమెరికాలు, ఉత్తర అమెరికాలో కొంత భాగం, మడగాస్కర్, పశ్చిమాసియాలోని కొన్ని నీళ్లు, దక్షిణ భారతం, శ్రీలంకలలో విస్తరించి ఉంది. కనుక జాతి పేరు తెలుసుకోవడంతో పని పూర్తి కాదు, ఆ జాతి ఈ నీటికి ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. మత్స్యశాఖ ప్రచురించే స్థానిక చేపల జాబితా చూడండి, లేదా చేప ఫొటోను అక్కడి అధికారులకు చూపించండి.

ప్రశ్న: పరాయి చేపలు స్థానిక చేపలను తినేస్తున్నాయంటారు. అలాంటప్పుడు వాటిని పట్టుకుపోతే నీటికి మేలే కదా? ఇందులో అనుమతులు, చట్టాలు ఎందుకు?

జవాబు: వాటివల్ల హాని జరుగుతుందన్న మాట నిజమే. 1967లో పనామాలోని గాటున్ సరస్సులోకి చేరిన పీకాక్ బాస్ అనే వేటాడే సిక్లిడ్ కొద్ది సంవత్సరాలలోనే అక్కడి చిన్న చేపల సంఖ్యను దారుణంగా తగ్గించేసింది. వాటిని తిని బతికే నీటిపక్షుల మీద కూడా ఆ ప్రభావం పడింది. భారతదేశానికి 1952లో ఆహారం కోసం తెచ్చిన మొజాంబిక్ తిలాపియా అనుకున్న చెరువులలో ఆగక రిజర్వాయర్లకూ నదులకూ పాకింది. అయినా మీరు నాలుగు చేపలను ఇంటికి తీసుకుపోతే కాలువ బాగుపడుతుందన్న ఆలోచనను దయచేసి వదిలేయండి. ఫ్లోరిడాలో 2010 జనవరిలో వచ్చిన తీవ్రమైన చలికి ఉష్ణమండల సిక్లిడ్లు గుట్టలుగా చచ్చిపోయాయి. లోతైన కాలువల అడుగున, వెచ్చదనం మిగిలిన చోట్ల తలదాచుకున్నవి మళ్లీ పిల్లలు పెట్టి సంతతిని నిలుపుకున్నాయి. అంతటి చలి చేయలేని పని ఒక గాలం చేయదు. చేప మీది ప్రేమతో పెంచుకుంటున్నామని ఒప్పుకోవడమే నిజాయితీ, అలా ఒప్పుకున్నవారే దాన్ని సరిగ్గా చూసుకుంటారని నా నమ్మకం.

చట్టం విషయంలో ‘పరాయిది కనుక ఏమైనా చేయవచ్చు’ అన్న ఊహ ప్రమాదకరం. ఫ్లోరిడాలో పీకాక్ బాస్‌ను 1984లో ప్రభుత్వమే తెచ్చి కాలువల్లో వదిలింది. మిగతా పరాయి చేపలను అది తింటుందని, గాలపు వేటకు పనికొస్తుందని వారి ఉద్దేశం. అందుకే పరాయిదైనా రోజుకు ఇన్నే పట్టాలన్న పరిమితి దానికి ఉంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో ఇందుకు భిన్నంగా తిలాపియాను ప్రాణంతో ఉంచుకోవడమే నేరం, ఎరగా వాడటమూ నేరమే. కాబట్టి గాలం పట్టకముందే మీ ప్రాంతపు మత్స్యశాఖను మూడు విషయాలు విడివిడిగా అడగండి. ఈ చేపను పట్టవచ్చా, ప్రాణంతో తరలించవచ్చా, ఇంట్లో ఉంచుకోవచ్చా? మొదటిదానికి ‘అవును’ వచ్చినంత మాత్రాన మిగతా రెండింటికీ అదే జవాబు వస్తుందని లేదు. జవాబును వీలైతే రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: రెండుసార్లు పట్టి తెచ్చిన చేపలు ఒకటి దారిలోనే, మరొకటి మర్నాటికే చచ్చిపోయాయి. పట్టడంలో పొరపాటా, తేవడంలో పొరపాటా?

జవాబు: మీ ఉత్తరంలో ఆ చేపలు జానెడు పొడవున్నాయని రాశారు. మొదటి పొరపాటు అక్కడే జరిగింది. పెద్ద చేపకు తన చోటు, తన హద్దు, తన తిండి స్థిరపడిపోయి ఉంటాయి. దాన్ని తొట్టెలో వేస్తే అద్దానికి ముక్కు కొట్టుకొని గాయపడుతుంది, రోజుల తరబడి తినదు. అయిదు నుంచి ఎనిమిది సెంటీమీటర్ల పిల్లను తెస్తే అది వారంలో తిండికి వస్తుంది, నెలలో మనిషిని గుర్తుపడుతుంది. గుంట తవ్వుకొని పిల్లల గుంపును కాపలా కాస్తున్న జంటలు గాలానికి తేలిగ్గా దొరుకుతాయి, ఎందుకంటే అవి ఆకలితో కాక కోపంతో ఎరను కరుస్తాయి. కాని రోజుల తరబడి సరిగ్గా తినక, కాపలాతో అలసిపోయి ఉన్న ఆ చేపలు తరలింపును తట్టుకోలేవు.

పిల్లచేపలను పట్టడానికి ముడులు లేని మెత్తటి చేతివల అన్నిటికంటే మంచిది. ఒడ్డున వేలాడే గడ్డి కిందా, రాళ్ల సందులలోనూ, తూముల నోటి దగ్గరా అవి ఉంటాయి. గాలమే వాడదలచుకుంటే అన్నిటికంటే చిన్న కొక్కేన్ని ఎంచుకొని, దాని ముల్లును పటకారుతో నొక్కి చదును చేయండి. గోరంత వానపాము ముక్క గుచ్చి, ఎర కదిలిన మొదటి క్షణంలోనే లాగండి. ఆలస్యమైతే చేప దాన్ని మింగేస్తుంది. పెదవి చివర దిగిన కొక్కెం గాయం కొద్ది రోజులలో మానిపోతుంది, మొప్పల దగ్గరో గొంతులోనో దిగినది మానదు. అటువంటి చేపను పెంపకానికి తీసుకోవద్దు. పొడి చేత్తోగాని గుడ్డతోగాని పట్టవద్దు. చేప ఒంటి మీది జిగురే దానికి రోగాల నుంచి మొదటి రక్ష, అది ఊడిన చోటే రెండు రోజుల్లో దూదిలాంటి బూజు పుడుతుంది.

తరలింపుకు మూతగల ఇరవై లీటర్ల బకెట్, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు చాలు. సగానికి నీళ్లు పోసి, రెండు మూడు పిల్లలకు మించకుండా వేసి, నీడలో ఉంచి తీసుకురండి. సిక్లిడ్లు ఆపదలో కూడా ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి గనుక గుప్పెడు మెత్తటి ప్లాస్టిక్ వల ముక్కలు వేస్తే దాక్కోవడానికి వీలుంటుంది. కాలువలోని నాచును, మొక్కలను అందుకోసం వాడకండి, వాటితో నత్తలూ పరాన్నజీవులూ కూడా ఇంటికి వస్తాయి.

మర్నాటికి చచ్చిపోయిన చేపను మూసిన ప్లాస్టిక్ సంచిలో తెచ్చి, సంచి విప్పి గంటసేపు చుక్కచుక్కగా తొట్టె నీళ్లు కలిపానని రాశారు. సహనంతో చేసిన ఆ పనే దానికి ముప్పు తెచ్చి ఉండవచ్చు. మూసిన సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీటిని కొంత ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లపు నీటిలో అమ్మోనియా చాలావరకు హాని తక్కువైన రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి, నీటి పీహెచ్ పెరిగి, అంటే ఆమ్లత తగ్గి, అదే అమ్మోనియా విషంగా మారుతుంది. కనుక దూరప్రయాణం చేసిన సంచిని ముందు తొట్టె నీటిపై తేలనిచ్చి ఉష్ణోగ్రతను సమం చేసి, విప్పిన వెంటనే చేపను తడి వలతో ఎత్తి తొట్టెలోకి మార్చండి. సంచి నీటిని తొట్టెలో కలపకండి, ఏ కాలువలోనూ పారబోయకండి, మట్టిలో పోయండి.

ప్రశ్న: క్వారంటైన్, అంటే కొత్త చేపను కొన్నాళ్లు వేరే తొట్టెలో ఉంచడం, నిజంగా అవసరమా? చేప చూడటానికి ఎంతో శుభ్రంగా, చురుగ్గా ఉంది.

జవాబు: అవసరమే. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న సంగతి గనుక కాస్త వివరంగా చెబుతాను. కొన్నేళ్ల క్రితం రెండంగుళాల జ్యువెల్ సిక్లిడ్ పిల్లను, ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేదన్న ధైర్యంతో నేరుగా పెద్ద తొట్టెలో వేశాను. తొమ్మిదో రోజు ఉదయం దీపం వేసేసరికి, దానికి కాదు, అప్పటికి నాలుగేళ్లుగా నా దగ్గరున్న చేపల రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించాయి. కొత్తది ఆ వ్యాధికి కొంత అలవాటుపడింది, పాతవాటికి ఆ అలవాటు లేదు. ఆ వారంలో మూడు చేపలను పోగొట్టుకున్నాను.

ఆ తెల్లచుక్క వ్యాధిని ఇక్ అంటారు. పరాన్నజీవి చర్మం కింద ఉన్నంతసేపూ మందు దాన్ని తాకదు. బాగా పెరిగాక అది రాలి అడుగుకు చేరి, ఒక గూడు కట్టుకొని, అందులో వందల ముక్కలుగా విడిపోతుంది. ఆ పిల్లజీవులు చేపను వెతుక్కుంటూ నీటిలో ఈదే కొద్ది సమయంలోనే మందుకు చస్తాయి. అందుకే చుక్కలు మాయమైన రోజున మందు ఆపేసినవారికి వారం తిరగకుండానే వ్యాధి మళ్లీ వస్తుంది. నీటిని ముప్పై డిగ్రీలకు నెమ్మదిగా పెంచితే ఆ జీవిత చక్రం త్వరగా తిరుగుతుంది. ఎయిర్ పంపు వేగాన్ని కూడా పెంచాలి, ఎందుకంటే వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. చుక్కలు పోయాక కూడా కనీసం ఒక వారం చికిత్స కొనసాగించండి.

క్వారంటైన్ తొట్టె ఆడంబరంగా ఉండనక్కరలేదు. పిల్లచేపలకు యాభై, అరవై లీటర్ల తొట్టె, ఒక స్పాంజ్ ఫిల్టర్, ఒక హీటర్, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్క, గట్టి మూత ఉంటే చాలు. అడుగున ఇసుకగాని గులకరాళ్లుగాని వేయకండి, చేప విసర్జన రోజూ మీ కంటికి కనబడాలి. విసర్జన తెల్లగా, దారంలా సాగుతుంటే పేగులలో పరాన్నజీవులు ఉన్నాయేమో అనుమానించాలి. మలద్వారం నుంచి సన్నని ఎర్రటి పోగులు బయటికి తొంగిచూస్తూ, చేప కదిలినప్పుడు లోపలికి ముడుచుకుంటుంటే అవి కామల్లానస్ పురుగులు, వాటికి లెవామిసోల్ పనిచేస్తుంది. బద్దెపురుగులకూ మొప్పలను పట్టే పురుగులకూ ప్రాజిక్వాంటెల్ వాడతారు. మోతాదును మాత్రం చేపల వైద్యం తెలిసిన పశువైద్యుణ్ణి అడిగి నిర్ణయించుకోండి.

కాలువ చేపల ఒంటి మీద మిరియపు పొడి చల్లినట్టు కనిపించే నల్లటి చుక్కలను చూసి భయపడేవారు ఎక్కువ. అవి ఒక రకం పురుగు పిల్లదశ కట్టుకున్న గూళ్లు. ఆ పురుగు జీవిత చక్రం పూర్తి కావాలంటే నత్త, చేప, చేపను తినే పక్షి మూడూ కావాలి. మీ తొట్టెలో పక్షి లేదు కనుక అది మరో చేపకు పాకదు, మందు అక్కరలేదు.

చేపను క్వారంటైన్‌లో ఆరు వారాలు ఉంచండి. ఆ తొట్టెలో వాడే స్పాంజ్ ఫిల్టర్‌ను ముందే నడుస్తున్న తొట్టెలో నెలరోజులు ఉంచితే దానిలో మేలుచేసే బాక్టీరియా స్థిరపడుతుంది. లేకపోతే చేప విసర్జించే అమ్మోనియా, దాని తర్వాత పుట్టే నైట్రైట్ రెండూ పేరుకొని, ఏ రోగమూ లేని చేపను కూడా చంపేస్తాయి. పరీక్షలో ఆ రెండూ సున్నా చూపినప్పుడే గాలం బయటికి తీయండి. ముందు చేపను తెచ్చి తర్వాత తొట్టె సిద్ధం చేద్దామనుకోవడం ఈ అభిరుచిలో నేను చూసిన అన్నిటికంటే పెద్ద పొరపాటు.

ప్రశ్న: నాలుగు రోజులైంది, ఏమీ తినడం లేదు. మూలలో నల్లబడి ఉంటోంది. బతికిన చిన్న చేపలు వేయమంటున్నారు, వేయనా?

జవాబు: వేయకండి. ఎరగా అమ్మే గోల్డ్‌ఫిష్‌లో విటమిన్ బి1ను నాశనం చేసే ఎంజైమ్ ఉంటుంది, అదే తిండిగా పెడితే చేపకు ఆ లోపం వస్తుంది. పైగా ఆరు వారాల క్వారంటైన్‌లో పడిన శ్రమంతా ఒక్క రోగపు చేపతో వృథా అవుతుంది.

నాలుగు రోజులు తినకపోవడం ఆందోళన పడవలసిన విషయం కాదు. దీపం ఆర్పి, తొట్టెకు మూడు వైపులా కాగితం అంటించండి. సాయంత్రం ఒక్క వానపాము ముక్కను దాని ముందు వదిలి, గది నుంచి బయటికి వెళ్లిపోండి. మనిషి నిలబడి చూస్తుంటే అడవిచేప తినదు. అరగంటకు తిరిగొచ్చి మిగిలినది తీసేయండి. మొదటి ముక్క మాయమైన రోజు నుంచి దాని ఒంటి రంగు విచ్చుకోవడం గమనిస్తారు. నల్లటి పట్టీలు పలచబడతాయి, రెక్కలు విప్పుకుంటాయి, కళ్లు మీ చేతి వెంట తిరగడం మొదలవుతుంది. అప్పుడు వానపాము ముక్కలతో పాటు నానబెట్టిన గుళికలు రెండేసి వేస్తూ, వారం వారం గుళికల వాటా పెంచండి. ఆ కళ్లు మొదటిసారి భయం లేకుండా మనవైపు తిరిగిన సాయంత్రం కోసమే ఇంత శ్రమ పడతాం.

ప్రశ్న: మాయన్ సిక్లిడ్‌ను నా గప్పీలు, టెట్రాలు ఉన్న తొట్టెలో వేయవచ్చా?

జవాబు: వద్దు. వాటిని తినేస్తుంది. ఒక్కదాన్నే పెద్ద తొట్టెలో ఉంచండి, అది దానికి ఒంటరితనం కాదు.

ప్రశ్న: రెండేళ్ల క్రితం పట్టిన ఆస్కార్ జత ఇప్పుడు తొట్టెలో పట్టడం లేదు, పైగా గుడ్లు పెట్టాయి. ఎక్కడ పట్టానో అదే కాలువలో తిరిగి వదిలితే తప్పేమిటి? అక్కడివే కదా?

జవాబు: మనసున్నవారికే ఈ ప్రశ్న వస్తుంది, అయినా నా జవాబు వద్దనే. నీటి నుంచి ఒకసారి బయటికి తీసిన పరాయి చేపకు తిరుగుదారి లేదు. ఈ రెండేళ్లలో అది మీ తొట్టెలోని ఇతర చేపల రోగాలను మోసి ఉండవచ్చు, వాటిని ఆ కాలువలోని స్థానిక చేపలకు అంటించవచ్చు. పరాయి చేపను నీటిలో వదలడం, అది పట్టిన చోటే అయినా, అనేక చోట్ల నేరం. ఆ కాలువలో ఈ ఆస్కార్లు మొదట ఎలా వచ్చాయో ఒక్కసారి ఆలోచించండి. తొట్టె చాలక, చంపడానికి చేతులు రాక, జాలితో వదిలినవారి చేపలూ వాటిలో ఉన్నాయి.

ఆస్కార్ ముప్పై సెంటీమీటర్లు దాటే చేప. జతకు నాలుగు వందల లీటర్ల పైన, అంటే నూట ఇరవై సెంటీమీటర్ల పొడవు, అరవై వెడల్పు, అరవై ఎత్తు గల తొట్టె కావాలి. అది కుదరకపోతే పెద్ద తొట్టెలున్న తోటి అభిరుచిదారులనూ, చేపల ప్రదర్శనశాలలనూ అడగండి. అడిగేటప్పుడు అవి కాలువలో పట్టినవన్న మాట దాచకండి. గుడ్ల విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. ఒక్క విడతలో వెయ్యికి పైగా ఉండవచ్చు, పొదగక ముందే అవి అంటుకున్న రాయిని తీసి ఎండలో ఆరబెట్టండి. పుట్టిన తర్వాత పిల్లలకు ఇళ్లు వెతకడం మీవల్ల కాదు.

ఎవరూ తీసుకోని పక్షంలో పశువైద్యుడి సాయంతో, లవంగ నూనె వంటి మత్తు ఎక్కువ మోతాదులో ఇచ్చి నొప్పి లేకుండా ముగించడమే మిగిలిన దారి. ఇది రాయడం నాకూ కష్టంగానే ఉంది. ఆ చేపను మట్టిలో లోతుగా పాతిపెట్టండి, నీటి ఒడ్డున పడేయకండి. ఈ మాట ఆస్కార్ల కంటే తిలాపియా పెంచేవారికి మరీ ముఖ్యం. వాటిలో అనేక జాతుల తల్లులు గుడ్లనూ పిల్లలనూ నోటిలో దాచుకుంటాయి, తల్లి చచ్చిపోయినా నోటిలోని పిల్లలు కొంతసేపు బతికే ఉంటాయి. పాతిపెట్టే ముందు దాని దవడను బొటనవేలితో మెల్లగా తెరిచి లోపల చూడండి.